మూడో అర గీత

రోహిణి కార్తె, రెండో రోజు

పొద్దున్నే తూకం వేశాను. ప్రతి బీరువాలోంచి ఒక పుస్తకం తీసి తక్కెట్లో పెట్టి, నిన్నటి బరువుతో పోల్చి చూడటం నా మొదటి పని. బరువు పెరిగిందంటే గాలిలోని తేమ కాగితంలోకి ఎక్కిందని అర్థం. ఇవాళ ఏదీ పెరగలేదు. ఉప్పుగాలి లేచేలోపు గోనె తెరలు దించి, నిన్న అతికించిన అట్టల మీద బరువులు తీసేశాను. ఇంతవరకు మంచి రోజే.

తర్వాత సుగుణ టీచరు వచ్చింది. ఈ అమ్మాయి మెట్ట బడికి పెద్ద టీచరు. వయసు ముప్ఫై దాటలేదు గానీ ఒకసారి ఏదైనా అనుకుందంటే వదిలే రకం కాదు.

"బాబాయ్ గారూ, మీరు మాకిచ్చిన బడి పెట్టె చాలా బాగుందండి. ఈసారి పెట్టెతో పాటు పిల్లల్ని కూడా ఇక్కడికే తీసుకొస్తాను. గ్రంథాలయంలోనే పాఠం" అంది.

బడి పెట్టె అంటే మేం శుభ్రం చెయ్యని నలభై ఒక్క పుస్తకాలు. రెండేసి ప్రతులున్నవి, అట్టలు ఊడినవి, చదల పాలైనవి. వాటి మీద నా చెయ్యి పెట్టడం దండగని మా గురువు దాలినాయుడు గారు పక్కన పడేస్తే, బడికి పంపించాం. ముప్ఫై మంది పిల్లలు, అరవై చేతులు, ఆ చేతులకి అంటిన చింతపండు. నాకు వినగానే ఒళ్లు మండింది. కానీ బడి అడిగితే కాదనే హక్కు గ్రంథాలయానికి లేదు. ఇది చట్టం.

నా చిన్నప్పుడు పుస్తకాల బదులు అక్షరాలు వెలిగే అద్దాలుండేవి. అద్దంలో ఒకే పాఠం మా అక్కకి ఒకలా, నాకు ఒకలా కనిపించేది. చూసేవాడికి నచ్చేట్టు అక్షరాలు వాటంతటవే మారిపోయేవి. చివరికి ఏది మొదటి రాతో ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే మెట్ట మీద ఇప్పుడు కాగితం మీద లేనిది సభలో చెల్లదు. అందుకే నాలాంటి వాడికి కూడా ఇంత గౌరవం.

సరేనన్నాను. చేతులు కడిగించి తెమ్మన్నాను.

రోహిణి, ఆరో రోజు

సభాపెద్ద సన్యాసమ్మ గారు వచ్చారు. కర్ర పట్టుకుని, ఇద్దరు సభ్యుల్ని వెంటేసుకుని. నన్ను చూడ్డానికి ఆవిడ రావడం ఇది రెండోసారి. మొదటిసారి దాలినాయుడు గారు పోయినప్పుడు.

విషయం ఏమిటంటే, బడిని వసతితో సహా దిగువ మైదానంలోకి దించుతున్నారు. అక్కడ పాత గ్రంథాలయం కట్టడం ఇంకా గట్టిగా నిలబడి ఉంది. మన పుస్తకాలన్నీ ఒకప్పుడు అందులోనివే. నూట నలభై మంది పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. వాళ్ల తల్లిదండ్రులు ఏడాదిలో ఆర్నెల్లు సముద్రం మీద నాచు మళ్లలోనే ఉంటారు మరి. పోయినేడు గాలికి బడి రేకుల షెడ్డు కూలి ఒక పిల్లాడి కాలు నుజ్జయింది. ఆ పిల్లాడి అరుపులు నేనూ విన్నాను. ఇటుక గోడల కిందికి వెళ్లాలనడంలో తప్పు లేదు.

సభలో ఒకాయన అడిగాడట, పెద్ద ఉప్పెనలో ఆ కట్టడం మునగలేదని నమ్మకమేమిటని. ఉప్పెన వచ్చి యాభై ఏళ్లయింది. ఆ రాత్రి సముద్రపు గట్టు అవతలి పల్లెల్లో ఉన్నవాళ్లెవరూ మిగల్లేదు, గట్టు ఇవతల కట్టడంలో ఎవరూ లేరు. మెట్ట మీదివాళ్లు రెండు రోజులకి దిగేసరికి నీళ్లు గట్టు అవతల ఉన్నాయి. గట్టు దగ్గరే ఆగిపోయాయని అందరూ అనుకున్నారు. ఆ ఏడు వానాకాలంలో పుస్తకాల్ని తెప్పల మీద పైకి చేర్చినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. గోడలకి ఆ తర్వాత మూడుసార్లు పూత పడింది.

"కాగితం సాక్ష్యం కావాలన్నారయ్యా. మీ పుస్తకాలకన్నా సాక్ష్యమేటుంటాది?" అన్నారు సన్యాసమ్మ గారు.

ఒక్కో బీరువాలోంచి నాలుగైదు పుస్తకాలు తీసి చూపించాను. తెల్లటి అంచులు, తిన్నటి వీపులు. ఒక్క మరక లేదు. వాళ్లు తిప్పి తిప్పి చూశారు.

"మునిగిన గదిలో పుస్తకాలు ఇలాగుంటాయేటి?" అని ఆవిడ సభ్యులతో అన్నారు. నా వైపు తిరిగి, "నీ చెయ్యి మంచిది పైడిరాజూ" అన్నారు.

ఈ పనికి వచ్చిన ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆ మాట నాతో అన్నవాళ్లు తక్కువ. సాయంత్రం దాకా కడుపు నిండినట్టే ఉంది.

రోహిణి, పదకొండో రోజు

పిల్లలొచ్చారు. గుమ్మం దగ్గర వరుసగా నిలబడి రెండు అరచేతులూ చూపించారు. ఇది ఇక్కడి ఆచారం. పుస్తకం ముట్టే ముందు ఎవరైనా, సభాపెద్దయినా, చేతులు చూపించి పేరు చెప్పాలి. ఇద్దర్ని వెనక్కి పంపి మళ్లీ కడుక్కోమన్నాను.

సుగుణ టీచరు చెప్పే తీరు వేరు. పుస్తకంలో ఏముందో చదవమని చెప్పదు. పుస్తకానికి ఏం జరిగిందో చెప్పమంటుంది. పలక మీద మూడు గడులు గీయిస్తుంది. 'చూశాను', 'విన్నాను', 'అనుకుంటున్నాను'. ఏ మాటైనా ఈ మూడింట్లో ఒక గడిలోకి వెళ్లాలి. ఒకడు 'ఈ పుస్తకం ఎవరో ఏడుస్తూ చదివారు' అని మొదటి గడిలో రాశాడు. మూడో గడికి మార్పించింది.

ఇవాళ్టి పని, బడి పెట్టెలోని నలభై ఒక్క పుస్తకాల్నీ పాత చోట్లలో పెట్టడం. ప్రతి పుస్తకం వీపు మీదా పాత గ్రంథాలయం చీటీ ఉంటుంది. ఏ బీరువా, కింద నుంచి ఎన్నో అర, అరలో ఎన్నో పుస్తకం. పాత బీరువాల్లో ఒకటి, మూరెడెత్తు కాళ్లది, మూరెడెత్తు అరలది, నా గదిలోనే ఉంది, నా పనిముట్లు పెట్టుకుంటాను. అన్ని బీరువాలకీ బదులు దాన్నే ఖాళీ చేసిచ్చాను, సణుగుతూనే.

పిల్లలు పేర్చారు. కింది రెండు అరల్లోకి వచ్చినవి తొమ్మిదే. అన్నీ ఉబ్బి, ఉండలు కట్టినవి. మూడో అరలోకి పదకొండు వచ్చాయి. మిగిలినవన్నీ పైఅరల్లోకి వెళ్లాయి. వాటికి చదలే గానీ తడి లేదు.

మూడో అరలోని పదకొండింటికీ వీపుల మీద ఒక మట్టి గీత ఉంది. పొట్టి పుస్తకం, పొడుగు పుస్తకం అని లేదు, అన్నింటికీ అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తున. విడివిడిగా చూస్తే మరక. పక్కపక్కన పెడితే తాడు పట్టి గీసినట్టు ఉంది.

పిల్లలు వంగి చూస్తున్నారు. నేను పెద్దరికంగా చెప్పాను. "అవి తెప్పల మీద పైకి తెచ్చినప్పుడు తడిశాయమ్మా. మా గురువుగారు చెప్పారు."

"విన్నాను గడి" అని ఒకడు నా మాటని పలక మీద ఎక్కించాడు.

నూకరత్నం అనే పిల్ల లేచింది. పదకొండేళ్లుంటాయి, ఎండకి చెదిరిన జుట్టు. "తాతా, తెప్ప మీద పుస్తకాలు నిలబెట్టి తెచ్చారేటి, పడుకోబెట్టి తెచ్చారేటి?"

పడుకోబెట్టే. పుస్తకాన్ని నిలబెట్టి మోస్తే వీపు విరుగుతుంది. నేను నేర్చుకున్న మొదటి పాఠమే అది. అదే చెప్పాను.

"మరి పడుకున్న పుస్తకాలకి ఇలాగ నిలబడ్డ గీత ఎలాగొచ్చింది?"

పాఠం అయిపోయిందన్నాను. అందర్నీ పంపేశాను.

రోహిణి, పన్నెండో రోజు

తూకం కాగానే తలుపు వేసుకున్నాను.

నా పాత పని పుస్తకాలన్నీ తీశాను, ముప్ఫై ఎనిమిదేళ్లవి. ప్రతి పుటలోనూ నా రాతే. 'మట్టి మరక. తీశాను.' 'మరక. తీశాను.' ఏ పుస్తకానికి ఎంత ఎత్తున ఉందో ఎక్కడా రాయలేదు. తీసేసే మురికిని ఎవరు కొలుస్తారు? చాకుతో గీకాను, పిండి ముద్దతో అద్దాను, మొండికేస్తే అంచుని పలచగా కోసేశాను. ఎంత తెల్లగా వస్తే అంత మురిసిపోయాను.

మూడో అర చీటీ ఉన్న పుస్తకాలు రెండు వందల పైచిలుకు. ఒక్కదాని మీదా ఏమీ లేదు. ఉప్పెన ఆ గదిలో ఎంత ఎత్తున నిలబడిందో ఆ పుస్తకాలు యాభై ఏళ్లపాటు చెబుతూ ఉండాల్సింది. నేను ఒక్కొక్కదాని నోరే మూసుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ తెల్లటి అంచులు చూపించే నూట నలభై మంది పిల్లల్ని అక్కడ పడుకోబెడుతున్నారు.

దాలినాయుడు గారికి తెలుసా, తెలియదా? ఆయన్ని అడగడానికి లేదు. తెలియదనే అనుకుంటున్నాను. మూడో గడి.

మృగశిర కార్తె, మొదటి రోజు

సుగుణతో చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆ అమ్మాయి "మీరొక్కరే తుడిచారా బాబాయ్ గారూ?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఆ పని ఇంకొకరి చేతికివ్వడానికి నాకెప్పుడూ మనసొప్పలేదు.

ఇద్దరం సభకి వెళ్లాం, పదకొండు పుస్తకాలూ మోసుకుని. సన్యాసమ్మ గారు మొత్తం విన్నారు.

"పదకొండు చింకి పుస్తకాలు ఒక పక్క. నీ చేత్తో నువ్వే చూపించిన వందల పుస్తకాలు ఒక పక్క. దేన్ని నమ్మమంటావు?"

"అవి నేను తుడిచినవండి."

"కాగితం మీదున్నాదేటి, ఎంత ఎత్తున తుడిచినావో?"

లేదన్నాను.

"మరి నీ నోటి మాట ఎలాగ చెల్లుతాది? రేపు ఇంకొకడొచ్చి ఇంకొకటి చెప్తాడు. అద్దాల కాలంలో చూసినాం గదా, ఎవుడికి నచ్చింది ఆడికి నిజమైపోతే ఏటైపోయినామో." ఆవిడ గొంతులో కోపం లేదు. "నా మనవరాలు కూడా ఆ బడిలోనే ఉంది పైడిరాజూ. రేకు కింద పడుకున్నంత కాలం గాలొస్తే నాకు కంటి మీద కునుకు లేదు. గోడల కిందకెళ్తాదంటే ఇప్పుడు నువ్వొచ్చి వద్దంటావేటి?"

ఆవిడ అన్నదాంట్లో నేను కాదనగలిగింది ఒక్కటీ లేదు. పుస్తకాలు మోసుకుని తిరిగొచ్చాం.

మృగశిర, నాలుగో రోజు

పిల్లల చాపలు, పెట్టెలు సగం కిందకి చేరాయి. ఆరుద్ర రాగానే బడి అక్కడే మొదలట. పడమటి వైపు మబ్బు కనిపిస్తోంది. ఇవాళ తూకంలో రెండు బీరువాలు బరువు పెరిగాయి.

సుగుణ వచ్చి ఒక ఉపాయం చెప్పింది. పని చేసినవాడే స్వయంగా చెబుతుంటే, వేరేవాళ్లు ప్రశ్నలడిగి రాసి, వేలిముద్ర వేయిస్తే అది కాగితమే. సభ దాన్ని వినాల్సిందే. చట్టంలో ఉంది, ఎవరూ వాడలేదు. ఎందుకు వాడలేదో నాకు తెలుసు. అలా రాసిన కాగితం గ్రంథాలయంలో చేరుతుంది. ఎప్పటికీ తీసేయడానికి లేదు. ఏ బడి అడిగినా చదవడానికి ఇవ్వాలి.

"మా పిల్లలు అడుగుతారు, మా పిల్లలే రాస్తారు" అంది.

కోపమొచ్చింది. దాచడం దేనికి, చాలా కోపమొచ్చింది. నా తర్వాత ఈ మెట్ట మీద నా పేరు మిగిలేది ఒక్క చోటే. పుస్తకాల్ని బాగుచేసిన పైడిరాజు అని అట్టల లోపల వేసిన చిన్న ముద్రలో. ఇప్పుడు ఏటేటా పిల్లలు గట్టిగా చదువుతారు, సాక్ష్యం చెరిపిన పైడిరాజు అని. కాగితాన్ని పాడుచెయ్యడం కంటే పెద్ద నేరం ఇక్కడ లేదు. మంచినీటి తూములో ఉప్పు కలిపినవాణ్ణయినా క్షమిస్తారు.

"ఆలోచించుకుంటానమ్మా" అన్నాను.

"ఆలోచించుకోండి. ఆరుద్రకి పది రోజులుంది" అని వెళ్లిపోయింది.

మృగశిర, ఐదో రోజు

దిగువ మైదానానికి నడిచి వెళ్లాను. కట్టడం చల్లగా ఉంది. గోడలు కొత్త సున్నంతో మెరుస్తున్నాయి. చాపలు వరుసగా పరిచి ఉన్నాయి, ప్రతి దాని తలాపునా సుద్దతో పేరు. ముప్ఫై దాకా చదివాను. ఆపైన చదవలేక బయటికొచ్చేశాను.

తిన్నగా బడికెళ్లి సుగుణతో సరేనన్నాను.

మృగశిర, తొమ్మిదో రోజు

నాలుగు రోజులుగా ఇదే పని. నన్ను నా బల్ల ముందే కూర్చోబెట్టారు. చేతులు చూపించి, పేరు చెప్పాను. నా గుమ్మంలో నేను చేతులు చూపించడం ఇదే మొదటిసారి.

పిల్లలు మూడో అర పుస్తకాలు ఒక్కొక్కటీ తెచ్చి నా ముందు పెడతారు. నూకరత్నం అడుగుతుంది. మరొక పిల్ల రాస్తుంది.

"దీని మీద మరక చూశారా తాతా?"

"చూశాను."

"ఎంతెత్తున?"

"నాలుగు వేళ్లు."

"గుర్తుండి చెప్తన్నారా, అన్నిటికీ నాలుగు వేళ్లని చెప్తన్నారా?"

నాకు నిజంగా గుర్తుందా? పిల్లలకి మేలు జరగాలని నాకిప్పుడు ఆశ. ఆ ఆశతో ఏదైనా గుర్తుకొస్తుంది. అద్దం చేసింది అదే కదా, అడిగినవాడికి కావలసింది ఇవ్వడం. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని వీపు తడిమాను. ఏమీ గుర్తు రాలేదు.

"గుర్తు లేదమ్మా."

"గుర్తు లేదు అని రాయే" అని పక్క పిల్లకి చెప్పింది.

మొదటి రోజు ముప్ఫై పుస్తకాల్లో ఇరవై తొమ్మిది 'గుర్తు లేదు'. రెండో రోజూ అంతే. ముసలాడి బుర్రని నమ్ముకుంటే ఇంతే అనుకున్నాను. కానీ కొన్ని పుస్తకాలు చేతికి రాగానే ఆ పనంతా వచ్చేసింది. ఒక వైద్యం పుస్తకం. దాని వీపు మీద తామరపువ్వు అచ్చు ఉంటే, సరిగ్గా మట్టి గీత ఆ పువ్వు మీదుగా వెళ్లింది. పువ్వు పోకుండా మరక తియ్యడానికి మూడు రోజులు పట్టింది. పువ్వు నాలుగు వేళ్ల ఎత్తునే ఉంది, ఇప్పటికీ. ఒక భూగోళం పుస్తకం. గీకుతుంటే చాకు జారి బొటనవేలు తెగింది. చాకు గాటు పుస్తకం వీపు మీదుంది, మచ్చ నా వేలి మీదుంది. నూకరత్నం రెండూ కొలిచి రాయించింది.

రెండు వందల పధ్నాలుగు పుస్తకాల్లో నేను ప్రమాణం చేసి చెప్పగలిగినవి ఇరవై మూడు తేలాయి. చివర్లో ఆ పిల్ల, "తుడిచినప్పుడు ఇది నీటి గుర్తని అనిపించలేదా తాతా?" అని అడిగింది.

"అనిపించలేదు. మురికి అనుకున్నాను."

"ఎవరినైనా అడిగారా?"

"లేదు."

అది కూడా రాశారు. వేలిముద్ర వేశాను.

మృగశిర, పన్నెండో రోజు

సభ జరిగింది. సుగుణ ముందే అడిగి, పాత బీరువాని సభ దాకా మోయించింది. మూడో అరలో పిల్లలు బడి పెట్టె పుస్తకాలు పదకొండూ, నేను ప్రమాణం చేసిన ఇరవై మూడూ చీటీల వరుసలో నిలబెట్టారు. నేను తుడిచిన వాటికి, నేను చెప్పిన చోట ఎర్రదారం కట్టారు. మట్టి గీత, దారం, దారం, మట్టి గీత. అరంతా ఒకే ఎత్తు.

కాగితం నూకరత్నం చదివింది. 'గుర్తు లేదు' అన్నవి నూట తొంభై ఒకటి. వాటిని కూడా ఒక్కొక్కటిగా చదివింది, వదల్లేదు. సభలో కొందరు విసుక్కున్నారు. నేను తల దించుకునే ఉన్నాను. 'మురికి అనుకున్నాను. ఎవరినీ అడగలేదు' అన్న చోట ఆ పిల్ల గొంతు కొంచెం తగ్గింది. సుగుణ, "గట్టిగా చదువు" అంది.

అంతా అయ్యాక సన్యాసమ్మ గారు కాగితం అడిగి తీసుకుని నా వేలిముద్ర చూశారు.

"అన్నిటికీ గుర్తుందని చెప్పి ఉంటే నమ్మకపోదును" అన్నారు.

అప్పుడు తన మనవరాల్ని పిలిచారు. ఎనిమిదేళ్ల పిల్ల, పేరు వరహాలు. బీరువాకి ఆనుకుని నిలబడమన్నారు. పిల్లకి ఎందుకో తెలియదు, బుద్ధిగా నిలబడింది. గీత దాని తలకి జానెడు పైన ఉంది. సన్యాసమ్మ గారు లేచి వెళ్లి ఆ మధ్య ఖాళీలో తన అరచెయ్యి పెట్టారు. చెయ్యి మొత్తం పట్టింది.

"బడి కిందకెళ్లదు" అన్నారు. కర్ర తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయారు.

నా సంగతి కూడా తేల్చారు. ఇకమీదట నేను ఏ పుస్తకం మీదా చాకు పెట్టకూడదు. తూకం వెయ్యొచ్చు, తెరలు దించొచ్చు. న్యాయంగానే ఉంది. కానీ ఇంటికొచ్చి చాకులు మూటగట్టి ఇచ్చేస్తుంటే ఏడుపొచ్చింది.

ఆరుద్ర కార్తె, మొదటి రోజు

వాన మొదలైంది. తూకం వేశాను. అన్నీ బరువెక్కాయి.

మధ్యాహ్నం పిల్లలు కింది నుంచి చాపలు, పెట్టెలు నెత్తిన పెట్టుకుని మెట్ట ఎక్కుతున్నారు. నూట నలభై మంది, వానలోనే. మళ్లీ ఆ రేకుల షెడ్లలోకే. గ్రంథాలయం ముందు నుంచే దారి. నేను గుమ్మంలో నిలబడ్డాను. నాచు మళ్ల నుంచి వచ్చిన ఒక తల్లి నన్ను చూసి ఆగింది.

"మీరేనా పైడిరాజంటే? నా పిల్లకి దగ్గు. ఇటుక గోడల కింద ఉండాల్సింది, మళ్లీ కారే రేకు కిందకి ఈడుస్తన్నారు. నీళ్లొస్తాయో రావో ఎవుడు సూసినాడు?"

ఏం చెప్పను? నీళ్లు రాకపోతే ఆవిడ మాటే నిజం. వస్తే, వచ్చాయని చెప్పడానికి ఆ పిల్ల ఉంటుంది. ఆ మాట ఒక తల్లి మొహం మీద అనలేకపోయాను. క్షమించమన్నాను. ఆవిడ వెళ్లిపోయింది.

వెనకాల నూకరత్నం వస్తోంది. చాప నానిపోయి రెండింతలు బరువెక్కినట్టుంది, జారుతుంటే మోకాలితో ఎగదోసుకుంటోంది. గుమ్మం దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంది.

"చాప తడిసిపోయిందమ్మా. ఈ పూట దేని మీద పడుకుంటావు?" అన్నాను.

నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసింది. "తడిస్తే ఆరతాం గదా తాతా" అంది.

వానలోకి దిగి చాప రెండో కొస పట్టుకున్నాను. మెట్ట మీదికి నడిచాం.